మిల్లు మోటారు, పవర్ ఫ్యాక్టరు



వంశధార ఆయకట్టున వరిచేలు కోతకు వచ్చి, కుప్పలు నూర్చి, కళ్లములలో ధాన్యము రాశి పోసిన నాటినుండి నరసన్నపేట చుట్టుపట్ల రైసుమిల్లులకు రాత్రియనక పగలనక పనియే. ఒకనాడు కలకత్తా మదరాసు రోడ్డుగా పెద్దలెరిగినదియు, నేడు 16వ నంబరు జాతీయ రహదారిగా పిలువబడుచున్నదియు నగు ఆ త్రోవను మాపటివేళ బస్సులో పోవువారికి, ఎలివేటర్ల గలగలయు, దీపపు వెలుగులో తేలియాడు ఊక ధూళియు, వంతుకొఱకు నిలిచిన ధాన్యపు లారీలును చిరపరిచితములు. అట్టి మిల్లు తలుపు ప్రక్కన గోడకు బిగించిన మీటరు పెట్టెలోను, నెలకొక పర్యాయము వచ్చు కరెంటు బిల్లులోను, ఒకటికి లోపుగా దశాంశములతో కనిపించు ఒక చిన్న అంకెను గూర్చి ఈ సాయంత్రము మీతో ముచ్చటింపదలచితిని. దానిని వాడుకలో పవర్ ఫ్యాక్టరు అందురు. పాఠ్యపుస్తకములు సామర్థ్య గుణకమనును.

మనకు వచ్చు విద్యుత్తు ఏకాంతర విద్యుత్తు. అనగా సెకనునకు 50 మారులు ఊయలవలె అటునిటు ఊగునట్టిది. వోల్టేజి యను ఒత్తిడి ఊగును, దాని వెంట కరెంటును ఊగును. అట్లతద్దినాడు చింతకొమ్మకు కట్టిన ఊయలను ఊపు పిల్లలను చూచినవారికి ఇందలి మర్మము ఇట్టే బోధపడును. ఊయల ముందుకు సాగుచున్నప్పుడు వెనుకనుండి త్రోసినచో ఆ త్రోపంతయు ఊపునకు చేరును. తమవైపునకు వచ్చుచున్నప్పుడు త్రోసినచో ఊపు పెరుగుటకు మారుగా తగ్గును. త్రోసినవాని చేతుల నొప్పి రెండుచోట్లను ఒక్కటే. వోల్టేజియు కరెంటును కాలు కలిపి లేచి కాలు కలిపి పడినచో, తీగలో పోవు కరెంటంతయు పనికి వచ్చును. కరెంటు వెనుకబడినచో ప్రతి ఊపునందును కొంతసేపు శక్తి మిల్లునుండి తీగలవెంట వచ్చిన దారినే వెనుకకు మరలుచుండును. ఈ వెనుకబాటును కోణముగా కొలిచి, ఆ కోణమునకు కొసైను తీసికొన్నచో వచ్చునదే పవర్ ఫ్యాక్టరు. వెనుకబాటు లేనిచో అది ఒకటి; పావు ఊపు వెనుకబడినచో సున్న.

పాతకాలపు బల్బులోని తీగయు, ఇస్త్రీపెట్టెయు, నీళ్లు కాచు హీటరును కరెంటును వెనుకబడనీయవు. మోటారు స్వభావము వేఱు. మిల్లులలోను పొలములలోను మనము వాడునది దాదాపు అంతయు ఇండక్షన్ మోటారే. 1888లో ఇటలీలో గెలీలియో ఫెరారీస్, అమెరికాలో నికోలా టెస్లా ఎవరి త్రోవను వారు దీని సూత్రమును వెల్లడింపగా, మరుసటి సంవత్సరము జర్మనీలో డొలివో డొబ్రొవోల్స్కీ దానిని మూడు ఫేజుల గట్టి యంత్రముగా మలచెను. తిరుగు భాగమునకు బయటనుండి తీగ లేదు, బ్రష్షు లేదు. ఊక ధూళిలోను, చెరువుగట్టున వానలోను, అనుభవము లేని చేతిలోను ఏండ్ల తరబడి నోరెత్తక తిరుగును. అయితే తాను తిరుగుటకు కావలసిన అయస్కాంత క్షేత్రమును కూడ అది లైనునుండియే తెచ్చుకొనవలెను. ఒక్కొక్క ఫేజులోను సెకనునకు 100 మారులు ఆ క్షేత్రము కట్టబడును, 100 మారులు విప్పబడును. కట్టునపుడు పుచ్చుకొన్న శక్తిని విప్పునపుడు మరల లైనునకే ఇచ్చివేయును.

దీనిని మిల్లువారి భాషలోనే చెప్పెదను. కొనుగోలు దినములలో గోనెసంచి లేనిదే కళ్లమునుండి గింజ కదలదు. ఖాళీ సంచులు మిల్లునుండి కళ్లమునకు పోవును, ధాన్యముతో నిండి వచ్చును, దులిపి కట్టలు కట్టగా మరల పోవును. లారీకి వాటి మోత తప్పదు. కాని జమాఖర్చున వాటి తూకము బియ్యపు తూకములో చేరదు. మోటారునకు అయస్కాంతపు కరెంటు అట్టిదే. అది లేనిదే ఇరుసు కదలదు, ఉన్నను అది ఒక్క గింజ ఆడింపదు. దీనికి గల వాట్‌లెస్ కరెంటు అను పేరు విని అది వట్టి భ్రమ యనుకొన్నవారిని నేనెఱుగుదును. తీగను వేడిచేయు విషయమున దానికిని పనిచేయు కరెంటునకును రవంతయు భేదము లేదు; ట్రాన్స్‌ఫార్మరు నూనె రెంటికిని సమముగానే కాగును. ఇక సంచుల కట్టలను కళ్లము ప్రక్కనే ఒక కొట్టులో నిలువచేసి, అక్కడికక్కడనే ఇచ్చిపుచ్చుకొనుచున్నచో, లారీ ధాన్యమును మాత్రమే మోయగలదు గదా! మోటారు ప్రక్కన పెట్టు కెపాసిటరు ఆ కొట్టువంటిది. మోటారు క్షేత్రమును కట్టుకొను క్షణమున కెపాసిటరు తనలో దాచినది ఇచ్చును. మోటారు విప్పుకొను క్షణమున తాను నింపుకొనును. ఇద్దరి బేరమును ఆ నాలుగు గజముల తీగలోనే ముగియును. లైనునకు ఆ సంగతియే తెలియదు.

లెక్క కావలెనన్నవారు తాపీమేస్త్రీని తలచుకొనవలెను. పునాది మూల సరిగా వచ్చెనా యని చూచుటకు అతడు ఒకవైపు 3 అడుగులు, మఱియొకవైపు 4 అడుగులు దారముపై గుర్తుపెట్టి, ఆ గుర్తుల నడుమ 5 అడుగులున్నవా యని కొలుచును. విద్యుత్తు లెక్కయు ఆ మూలమట్టమే. ఒక మిల్లులో నిజముగా పనిచేయు శక్తి 120 కిలోవాట్లు, అయస్కాంతముల కొఱకు అటునిటు తిరుగునది 90 కిలోవారులు అనుకొందము. అప్పుడు లైనును ట్రాన్స్‌ఫార్మరును మోయవలసిన భారము, ఆ రెండు భుజములకు కర్ణమగుటచేత, 150 కె.వి.ఏ. పవర్ ఫ్యాక్టరు 120ని 150చే భాగింపగా 0.80. ఇప్పుడు 55 కిలోవారుల కెపాసిటర్లు పెట్టినచో 90లో మిగులునది 35, కర్ణము 125, పవర్ ఫ్యాక్టరు 0.96. మిల్లు ఆడించు ధాన్యములో గింజ తేడా లేదు. 415 వోల్టుల దగ్గర ఒక్కొక్క ఫేజులో 209 ఆంపియర్లు పోవు తీగలో 174 పోవుచున్నవి. తీగ వేడిలో పోవు నష్టము కరెంటు వర్గమును బట్టి యుండును గనుక, 36 పాళ్ల నష్టము 25 పాళ్లకు దిగినది.

ఇది కాగితముపై లెక్క. కంటితో చూచిన లెక్క ఒకటి చెప్పెదను. నరసన్నపేట దాపున ఒక మిల్లులో, పాలిషరునకు గట్టిన 20 హార్సుపవరు మోటారు దగ్గర, అక్కడి మిస్త్రీతో ఒక ఉదయము గడిపితిని. పేరుకు మిస్త్రీయే గాని ఆ మిల్లు నాడి యంతయు అతని వ్రేళ్లలో నున్నది. అతనిచేత టాంగ్ టెస్టరు, అనగా తీగను త్రెంచకయే దాని చుట్టును పట్టకారువలె మూసి కరెంటును చూపు పరికరము, కలదు. 6 కిలోవారుల కొత్త కెపాసిటరును స్టార్టరు దిగువను మోటారునకు సమాంతరముగా కలిపి, మోటారు మూతి దగ్గర తీగను పట్టి చూచెను. కలుపక ముందు 23 ఆంపియర్లు. కలిపిన పిదపను 23. అతని మొగము చిన్నబోయినది. "ఏటి మాస్టారూ, కండెన్సరు ఏసినా ఏటీ మారనేదు!" అనెను. "పట్టకారు పైకి జరుపు బాబూ, కండెన్సరు తీగ కలిసిన చోటుకు ఎగువను పట్టు" అంటిని. అచ్చట 19. కెపాసిటరునకు పోవు తీగను పట్టి చూడగా 8. మోటారు 23 తీసికొనుచున్నది, కెపాసిటరు 8 తీసికొనుచున్నది, రెంటికిని కలిపి లైను ఇచ్చుచున్నది 19! అతడు మూడుచోట్లను మఱియొకసారి పట్టి చూచి, సుద్దముక్కతో ఆ మూడంకెలను స్టార్టరు పెట్టె మూతపై వ్రాసికొని, తల పంకించెను. పవర్ ఫ్యాక్టరును గూర్చి తెలియవలసిన దానిలో మూడువంతులు ఆ పెట్టె మూతపై నున్నవి. ఒకటి వెనుకబడి ఊగునది, ఒకటి ముందుకు బడి ఊగునది. రెంటిని కూడవలె గాని, అంకెలుగా కూడరాదు. మోటారు ఆకలి మోటారునకు ఎప్పుడును తగ్గదు. తగ్గునది ఎగువ తీగల మోత. అందుచేతనే కెపాసిటరును మోటారునకు ఎంత చేరువను పెట్టిన అంత మేలు.

ఇక కనిపెట్టియుండు విధము. చిరకాలము మన మీటర్లు యూనిట్లను మాత్రమే లెక్కించెను. అల్యూమినియము పళ్లెము తిరుగు ఆ పాత మీటరునకు వాట్‌లెస్ కరెంటు కనబడదు. పెద్ద వినియోగదారులకు తరువాత ట్రైవెక్టరు మీటర్లు వచ్చినవి. అవి యూనిట్లను, వాట్‌లెస్ భాగమును, రెంటి కర్ణమగు కె.వి.ఏ.హెచ్.ను విడివిడిగా లెక్కించును. ఇప్పుడు మన రాష్ట్రమున హెచ్.టి., అనగా హెచ్చు వోల్టేజిన కరెంటు తీసికొను, పరిశ్రమలకు బిల్లు వేయుట ఆ కర్ణము మీదనే. కనుక వెనుకబాటునకు వేఱుగా జరిమానా వేయనక్కఱలేకయే అది ధరలో చేరిపోవుచున్నది. ఇది న్యాయమని నా నమ్మకము. అయితే బిల్లులో కనబడునది నెల మొత్తపు సగటు. పూర్తి బరువుతో తిరుగునపుడు 0.85 చూపు మోటారే, ధాన్యము లేక వట్టిగా తిరుగునపుడు 0.2 దాపునకు జారును. ఏలనన అయస్కాంతపు కరెంటు అట్లే యుండి పని మాత్రము పోయినది. సగటు ఈ రెంటిని కలిపి ఒక మధ్యస్థమైన అంకెను మన చేతికిచ్చును. కావున బిల్లు వచ్చుదాక ఆగక, పానెలుపై నున్న మీటరును వేర్వేరు వేళలను, అన్ని మోటార్లు బరువుమీద నున్నప్పుడును, ఎలివేటరొక్కటే తిరుగుచున్నప్పుడును, దీపములు మాత్రమే వెలుగుచున్నప్పుడును చూచి వ్రాసికొనుట మంచిది. వ్రాసికొన్నచో మఱియొక సంగతియు బయటపడును: కాలిపోయిన 10 హార్సుపవరు మోటారు స్థానమున, ఆ పూట పని జరుగవలెనని 15 హార్సుపవరుది తెచ్చి పెట్టి, దానిని అట్లే యుంచివేసిన మిల్లులు పెక్కు. సగము బరువుతో ఏండ్ల తరబడి తిరుగు పెద్ద మోటారు కంటె పవర్ ఫ్యాక్టరునకు శత్రువు లేదు.

మిల్లు మాట యిట్లుండగా, పొలము మాట నన్ను ఎక్కువగా బాధించుచున్నది. మన పల్లెలలో కెపాసిటరు అన్నచో ఎవరికిని తెలియదు, కండెన్సరు అన్నచో అందరికిని తెలియును. తెలిసినది మాత్రము వేఱొక పనికి. మూడు ఫేజుల కరెంటు రాని వేళ, రెండు ఫేజులమీదనే మోటారును మొండిగా త్రిప్పుటకు దానిని వాడిన వాడుక పలుచోట్ల కలదు. ఆ విధముగా త్రిప్పిన మోటార్ల వైండింగు కాలినది. కాలిన పాపము కండెన్సరు మీద పడినది. 2004లో వ్యవసాయమునకు ఉచిత విద్యుత్తు వచ్చిన పిదప దానికి ముడిపెట్టిన షరతులలో ఐ.ఎస్.ఐ. గుర్తు మోటారు, రాపిడి తక్కువగు ఫుట్‌వాల్వు, నున్నని పైపులు, వాటితోబాటు తగిన కెపాసిటరును చేరినవి. 5 హార్సుపవరు మోటారునకు 2 కిలోవారులది చాలును. అరచేయి కంటె కొంచెము పెద్దది. షరతు కాగితముపై నిలిచినంతగా స్టార్టరు డబ్బాలో నిలువలేదు. రైతును నిందింప నాకు మనసొప్పదు. యూనిటునకు వెల లేనిచోట వాట్‌లెస్ కరెంటునకు వెల ఎవరు కట్టుదురు? కాని ఆ వెలను ఎవరో ఒకరు మోయుచునేయున్నారు. 100 కె.వి.ఏ. ట్రాన్స్‌ఫార్మరు 0.75 పవర్ ఫ్యాక్టరుతో తిరుగు 5 హార్సుపవరు మోటార్లను ఏకకాలమున 16 మోయగలదు. ఒక్కొక్కదానికి ఆ చిన్న కెపాసిటరు తగిలించినచో 19 మోయగలదు. తగిలింపనిచోట పదునేడవ మోటారు వేసిన సాయంత్రము లైను చివరి రైతు మోటారు లో వోల్టేజితో మూలుగును, లేదా ఫ్యూజు పోవును, లేదా ట్రాన్స్‌ఫార్మరే పోవును. అది కాలి, బండిమీద రిపేరుకు పోయి, తిరిగి వచ్చులోపల నారుమడులు నెఱ్ఱెలు విచ్చును. ఆ నష్టము ఏ బిల్లులోను కనబడదు. 2020లో ఉచిత విద్యుత్తు సొమ్మును రైతు ఖాతాకు చేర్చు పథకమునకు శ్రీకాకుళము జిల్లానే ప్రయోగస్థలముగా తీసికొని మోటార్లకు మీటర్లు పెట్టినప్పుడు, మీటరు ఉండవలెనా వలదా యని ఊరూర వాదములు చెలరేగెను. ఆ వాదము తేలినను తేలకున్నను, మీటరు పెట్టె ప్రక్కన ఆ చిన్న కెపాసిటరునకు చోటుండవలెనని నా విన్నపము.

ఇంత చిన్న వస్తువునకు ఇంత పట్టుదల యేల యని అడుగువారుందురు. మన ఉత్తరకోస్తాకు దూరపు కొండలనుండి విద్యుత్తు వచ్చుట కొత్తగాదు. 1955లో ఆరంభమైన మాచ్‌ఖండ్ జలవిద్యుత్ కేంద్రము, డుడుమ జలపాతము దాపున, ఒడిశా ఆంధ్రల ఉమ్మడి సొత్తుగా నేటికిని నిలిచియున్నది. దాని ఆరు యంత్రముల మొత్తము శక్తి 114.75 మెగావాట్లు. అట్టి కేంద్రములోని జనరేటరు కోరినచో వాట్‌లెస్ శక్తిని కూడ ఇయ్యగలదు. కాని కొండలు, అడవులు, నదులు దాటి వచ్చు తీగలమీద దానిని తెచ్చుట గోనెసంచులను విమానములో తెచ్చుట వంటిది. దారిపొడవునను వోల్టేజి కృశించును. కావుననే పంపిణీవారు 33/11 కె.వి. సబ్‌స్టేషన్ల ఆవరణలో ఇనుప చట్రములపై, పింగాణీ మూతులతో వరుసగా నిలిచిన కెపాసిటరు బ్యాంకులను పెట్టుదురు. అవియు మంచివే. అయినను సబ్‌స్టేషనునకును పొలమునకును నడుమ నున్న మైళ్ల కొలది 11 కె.వి. లైనును, దాని చివరి ట్రాన్స్‌ఫార్మరును అవి కాపాడజాలవు. ఆ పని మోటారు దగ్గరి కెపాసిటరుదే.

మేలు గదా యని అమితముగా పెట్టుటయు కీడే. మిల్లు కట్టివేసిన రాత్రి 55 కిలోవారుల కెపాసిటర్లు లైనుమీదనే యున్నచో, కరెంటు వెనుకబడుటకు మారుగా ముందుకు పోవును, వోల్టేజి పెరుగును. ఒడిశాలోని అంగుల్ నుండి శ్రీకాకుళము మీదుగా వేమగిరికి పోవు 765 కె.వి. లైనువంటి మహామార్గములలో ఇదియే పెద్ద యెత్తున జరుగును: అంత పొడవు తీగ తానే ఒక కెపాసిటరు, బరువు తక్కువైన వేళ దానిని అదుపుచేయుటకు రియాక్టర్లు కావలెను. మోటారునకు నేరుగా కట్టు కెపాసిటరును, ఆ మోటారు వట్టిగా తిరుగునపుడు తీసికొను అయస్కాంతపు భాగములో పదింట తొమ్మిదివంతులకు మించనీయరాదని పెద్దలు చెప్పుదురు. మించినచో కరెంటు పోయిన తరువాత, ఇంకను తిరుగుచున్న మోటారు ఆ కెపాసిటరుతో కూడి తానే జనరేటరై ప్రమాదకరమైన వోల్టేజిని పుట్టించును. మిల్లులకు ఆటోమాటిక్ పానెలు మేలు. అందలి రిలే, మెయిను తీగమీది కరెంటు ట్రాన్స్‌ఫార్మరు, అనగా సి.టి., చెప్పినది విని, కెపాసిటర్లను ఒక్కొక్కటిగా కలుపును, ఒక్కొక్కటిగా విడదీయును. ఆ సి.టి.ని వేఱొక ఫేజుకు తగిలించిన పానెళ్లను, తలక్రిందులుగా బిగించిన వాటిని నేను చూచితిని. అట్టిచోట రిలే అసత్యమును విని ధర్మముగా నడుచుకొనును. ఈ మధ్య మోటార్ల వేగమును మార్చు డ్రైవులు వచ్చి కరెంటు ఆకారమునే చెఱచుచున్నవి. ఆ చెఱుపును హార్మోనిక్సు అందురు; అవి కెపాసిటర్లను త్వరగా తినివేయును. అట్టిచోట రియాక్టరు జతగాగల కెపాసిటర్లనే పెట్టవలెను.

కెపాసిటరునకు గల దోషము, అది చప్పుడు లేక చచ్చుట. మోటారు పోయినచో మిల్లు ఆగును. కెపాసిటరు పోయినచో బల్బు కూడ మినుకుమనదు, మిల్లు యథాప్రకారము తిరుగుచుండును, బిల్లు మాత్రము పెరుగును. అందువలన కొత్త ధాన్యము రాక ముందే చూచుకొనవలెను. నేను చెప్పిన మిస్త్రీ ఇప్పుడు ఏటేట అదే చేయుచున్నాడు. స్విచ్చి కట్టివేసి, ఒక నిమిషము గడియారము చూచి, అటుపైన టెస్టరుతో చూచిన తరువాతగాని చేయి పెట్టడు. కరెంటు తీసినను కెపాసిటరు కడుపులో కొంతసేపు దెబ్బ దాగియుండునని అతడెఱుగును. డబ్బా ఉబ్బినదా, మూతి దగ్గర తీగ నల్లబడినదా యని చూచును. మరల వేసి, మూడు ఫేజులను వరుసగా టాంగ్ టెస్టరుతో పట్టి, సుద్దతో వ్రాయును. 8 ఉండవలసినచోట 5 ఉన్నచో దానిని విప్పి ప్రక్కన పెట్టును.

మొన్నటి సంక్రాంతి లోపున ఒక రాత్రి ఆ మిల్లులో పని ముగియువేళకు నేనక్కడ నుంటిని. పాలిషరు ఆగినది, పానెలులో ఒక కెపాసిటరు కాంటాక్టరు టక్కుమని వదలినది. గుమ్మి నిండి ఎలివేటరు ఆగినది, మఱియొకటి వదలినది. చివరకు ఊకను విసరు ఫ్యాను కూడ నెమ్మదించి నిలిచిపోగా మూడవది వదలినది. కళాసీలు చేతులు కడుగుకొనుచుండిరి. మీటరుమీద ఎఱ్ఱని అంకెలు 0.97 చూపి, దీపముల కొఱకు మాత్రమే వెలుగుచుండెను.